పొట్టిదైపోయిన పచ్చ లంగా

2023 మార్చి నెల. తొర్రూరు బస్టాండు వెనుక సందులో నా లేడీస్ టైలరింగ్ షాపు. పెళ్లిళ్ల పని ఇంకా మొదలుకాలేదు. మధ్యాహ్నం పూట మిషన్ బల్ల మీదనే పుస్తకం పెట్టుకుని చదువుకుంటున్నాను. నేను పదో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ తర్వాతి చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే జరిగింది. అక్కడ పిల్లల బీరువా పూర్తిగా, పెద్దల బీరువాల్లో చాలా భాగం, చివరికి పురుగులు సగం తినేసిన విజ్ఞాన సర్వస్వం సంపుటాలు కూడా చదివాను. అవసరం ఉన్నా లేకపోయినా ఈ మాట చెప్పే అలవాటు నాకుంది.

ఆ రోజు హైదరాబాదు నుంచి నిఖిత అనే అమ్మాయి షాపుకు వచ్చింది. ఆమెది గుంటూరు వైపు. ఒక టీవీ ఛానల్ కోసం తీస్తున్న నాటకంలో నటుల దుస్తులన్నీ ఆమె బాధ్యత. పెద్దవంగరలో ఒక పాత పెంకుటిల్లు అద్దెకు తీసుకుని షూటింగ్ చేస్తున్నారు. కథ ఏమిటంటే, పిల్లలకు కథలు రాసే ఒక ముసలి రచయితకు రాయడం ఆగిపోతుంది. పక్కింటి చిన్నపిల్ల రోజూ వచ్చి కథ చెప్పమని సతాయిస్తుంటుంది. ఆమె కోసం చెబుతూ చెబుతూ ఆయన మళ్లీ రాయడం మొదలుపెడతాడు.

ఆ పిల్ల వేషానికి పెద్దవంగర పిల్లనే ఎంచుకున్నారు. పేరు సిరి, మూడో తరగతి, ముందు పళ్లు రెండూ లేవు. తల్లిదండ్రులు పనికోసం సూరత్‌లో ఉంటే, పిల్ల నాయనమ్మ ఎల్లవ్వ దగ్గర పెరుగుతోంది. దర్శకుడు శ్రీధర్ సారుది భూపాలపల్లి. ఆయన ఆ ఊరి బడికి వెళ్లి, పిల్లలందరినీ కూర్చోబెట్టి సగం కథ చెప్పి ఆపాడట. మిగతా పిల్లలు "బాగుంది సార్" అన్నారు. సిరి ఒక్కతే లేచి నిలబడి, "మల్లేమైంది?" అని అడిగింది. నాటకంలో ఆమె చెప్పాల్సిన ముఖ్యమైన మాట అదేనని ఆ రోజే ఖాయమైంది.

పిల్ల ఒకే లంగా, ఒకే జాకెట్టుతో నాటకమంతా ఉండాలి. మా బజారులోని పాత బట్టల కొట్టులో నిఖితకు ఒక పచ్చ నూలు బట్ట నచ్చింది. తానులో అదే ఆఖరి ముక్క. మామూలుగా ఇలాంటి పనికి ఒకేరకం దుస్తులు రెండు మూడు జతలు కుట్టిస్తారు, ఒకటి పాడైతే ఇంకొకటి ఉండాలని. ఇక్కడ బట్ట ఒక్క జతకే సరిపోయింది.

నేను లంగా కుట్టి, అంచుకు పైన టక్కులు వేశాను. టక్కు అంటే బట్టను లోపలికి మడిచి కుట్టే మడత. మా వైపు ఎవరూ ఈ ఏడాది పిల్లకు బట్టలు కుట్టించరు, రెండేళ్ల తర్వాతి పిల్లకు కుట్టిస్తారు. పిల్ల పెరిగిన కొద్దీ ఒక్కో టక్కు విప్పితే లంగా పొడుగవుతుంది. నా చేతులకు వేరే పద్ధతి తెలియదు.

నిఖిత లంగాను తిరగేసి చూసింది. "ఇంత బట్ట లోపల మడిచేశారేంటండీ?"

"పిల్ల పెరుగుతది గదమ్మా."

"నాటకంలో పిల్ల పెరగదండీ. కథంతా ఒక్క ఎండాకాలంలో అయిపోతుంది."

"కథల అయిపోతది. పిల్ల ఇంటికి పోయి అన్నం తింటది గద," అన్నాను. ఆమె నవ్వింది.

షూటింగ్ చూడటానికి వెళ్లినప్పుడు శ్రీధర్ సారుతో కథ గురించి మాట్లాడాను. నిజానికి ఆయన నన్ను అడిగింది జాకెట్టుకు ఊడిన హుక్కు గురించి. నేను బాలసాహిత్యం గురించి చెప్పాను. ఆయన ఓపికగా విని, "రచయితకు ఆ పిల్ల మ్యూజ్ అన్నమాట, వనజక్కా" అన్నాడు. ఆ మాట నాకు తెలియదు. ఆ సాయంత్రమే గ్రంథాలయంలో నిఘంటువు, ఆ తర్వాత విజ్ఞాన సర్వస్వం తీశాను. గ్రీకుదేశపు పురాణాల్లో కవులకు, కళాకారులకు స్ఫూర్తినిచ్చే దేవతలట. మరుసటి రోజు ఎల్లవ్వకు వివరంగా చెప్పాను. గ్రీకుదేశం ఎక్కడుందో, అక్కడి కవులు కావ్యం మొదట్లో ఆ దేవతలను ఎలా పిలిచేవారో, అన్నీ చెప్పాను. ఎల్లవ్వ తలూపుతూ విన్నది. ఆమె పట్టుకున్నది దేవత అనే ఒక్క మాటనే. రెండు రోజుల తర్వాత షూటింగ్ ఇంటి ముందు పది మంది ఆడవాళ్లు సిరికి మొక్కుదామని కొబ్బరికాయలతో నిలబడ్డారు. శ్రీధర్ సారు నా వైపు చూశాడు. నేను హుక్కు కుట్టడంలో లీనమయ్యాను.

రచయిత వేషం వేసింది మూర్తిగారు, రంగస్థలం మీద పండిన మనిషి. ఆయనకూ సిరికీ బాగా కుదిరింది. కెమెరా ఆగినా ఆమె ఆగేది కాదు, కథ అడుగుతూనే ఉండేది. నాటకంలోని కథలన్నీ ఆయన ముందే చెప్పేశాడు, చివరిది తప్ప. "అది మాత్రం ఆఖరి రోజు, కెమెరా ముందే చెబుతాను. అప్పుడే నీ మొహం నిజంగా వెలుగుతుంది" అన్నాడు. ఆమె రోజూ అడిగేది. ఆయన రోజూ కాదనేవాడు.

ఆఖరి రోజులు ఇంకా మిగిలి ఉండగానే మూర్తిగారు హైదరాబాదులో స్కూటరు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. షూటింగ్ ఆగిపోయింది. నెలా రెండు నెలల్లో వస్తామనుకుని, నిఖిత ఆ లంగానూ జాకెట్టునూ ఎల్లవ్వ చేతికిచ్చి, "భద్రంగా ఉంచండి" అని వెళ్లింది.

వాళ్లు మళ్లీ వచ్చింది దీపావళి దాటాక.

ఎల్లవ్వ వాటిని నిజంగానే భద్రంగా ఉంచింది. మా దగ్గర బట్టను భద్రంగా ఉంచడమంటే పెట్టెలో పెట్టి మరిచిపోవడం కాదు. పెట్టెలో పెడితే పురుగు పడుతుంది. అందుకని మొదట సోడా వేసి ఉతికింది. లంగా మీద నాటకంలో పడిన సిరా మరక ఒకటి ఉండేది, తర్వాతి సన్నివేశాలన్నింటిలోనూ అది కనిపించాలి. "పిల్ల మరక లంగతోని టీవీల కనపడితె ఊరోళ్లు నన్నే అంటరు" అని దాన్ని రాయి మీద రుద్ది రుద్ది పోగొట్టింది. ఆ తర్వాత బోనాలకు, వినాయక చవితికి, బతుకమ్మ తొమ్మిది రోజులకూ పిల్లకు అదే తొడిగింది. తొడిగిన ప్రతిసారీ ఉతికి ఎండలో ఆరేసింది. టీవీ లంగా అని పిల్లలంతా ముట్టుకుని చూశారు.

నన్ను వెంటబెట్టుకుని వచ్చిన నిఖిత ఆ లంగాను చూసి అక్కడే అరుగు మీద కూర్చుండిపోయింది. పచ్చరంగు సగానికి సగం వెలిసింది. సరే, మరకను మళ్లీ పెట్టొచ్చు, వెలిసిన రంగును కెమెరాలో సర్దొచ్చు అని ధైర్యం తెచ్చుకునేలోపు సిరి బయటికి వచ్చింది. లంగా పిక్కల మీదికి వచ్చింది. జాకెట్టు చేతులు మోచేతుల పైకి ఎక్కాయి.

శ్రీధర్ సారు ఆమెను కిందికీ పైకీ చూశాడు. "సిరీ, ఏం తిన్నవే గిన్ని రోజులు?"

"సర్వపిండి," అన్నది పిల్ల.

ఆయన ఎల్లవ్వనూ నన్నూ పక్కకు పిలిచాడు. నాటకంలో మిగిలిన సన్నివేశాలు పాత సన్నివేశాల తర్వాతి రోజే జరగాలి. ఒక్క రాత్రిలో పిల్ల ఇంత పెరిగితే చూసేవాళ్లు నవ్వుతారు. దీన్నే వాళ్లు కంటిన్యుటీ అంటారు. ఒక షాట్‌లో చెంప మీద అన్నం మెతుకు ఉంటే తర్వాతి షాట్‌లోనూ ఉండాలి. ఫోన్లు చేస్తే జనగామలో సిరి పోలికలున్న చిన్నపిల్ల ఒకతె దొరికిందని, వెనుక నుంచీ పక్క నుంచీ తీసి సర్దుకుంటామని చెప్పాడు.

ఎల్లవ్వ కొంగు నడుముకు చుట్టింది. "సారు, ఊరంత చెప్పుకున్న. గార్ల ఊర్ల మా చెల్లె ఇంటికాడ గుడ చెప్పిన. గిప్పుడు గిట్లంటె నేను మొఖం ఏడ పెట్టుకోవాలె?"

"అవ్వా, నేనేం చేసేది? నువ్వే పెంచితివి."

"పెంచక ఎండవెడ్తమా సారు?"

నేను కల్పించుకున్నాను. "రేపు పొద్దుగాల దాంక టైమియ్యున్రి. టక్కులున్నయి. లంగ పొడుగు చేస్త. జాకెట్టు చేతులకు గుడ మార్జిన్ ఇడిశిన." మార్జిన్ అంటే కుట్టుకు లోపల వదిలిన అదనపు బట్ట. నిఖిత నన్ను చూసిన చూపులో మొదటిసారి కొంచెం గౌరవం కనిపించింది. నేను దాన్ని పూర్తిగా స్వీకరించాను.

షాపుకు వచ్చి టక్కులు విప్పాక అసలు సంగతి తెలిసింది. ఎండా సోడా తగిలిన బట్ట వెలిసింది. మడతలో దాక్కున్న బట్ట మాత్రం కొట్టులో కొన్న రోజులాగే నిగనిగలాడుతోంది. వెలిసిన లంగా చుట్టూ ముదురు పచ్చ పట్టీలు అడ్డంగా తేలాయి. గ్రంథాలయంలో ఇంటి చిట్కాల పుస్తకంలో నిమ్మరసమూ ఎండా కలిస్తే రంగు దిగుతుందని చదివి ఉన్నాను. పట్టీల మీద నిమ్మచెక్క రుద్ది డాబా మీద పరిచాను. సాయంత్రానికి లంగా నుంచి పులిహోర వాసన వచ్చింది. పట్టీలు పట్టీల్లాగే ఉన్నాయి. లేసు కుట్టి కప్పుదామంటే పాత సన్నివేశాల్లో లేసు లేదు. చివరికి ఉన్నది ఉన్నట్టు ఇస్త్రీ చేసి పట్టుకుపోయాను.

పొద్దున సిరి తొడుక్కుంది. పొడుగు సరిగ్గా సరిపోయింది. నిఖిత చేతిలోని ఫోటో చూస్తూ, "ఈ గీతలేంటండీ" అన్నది. శ్రీధర్ సారు, నడుము పైనుంచే తీద్దామన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో సిరి నవ్వింది. ముందు పళ్లు రెండూ వచ్చేసి ఉన్నాయి, కొత్త గడపల్లా వెడల్పుగా.

అందరం ఆ పళ్ల వైపు చూశాం.

"నోరు మూస్కొని యాక్టింగ్ చేస్తది సారు," అన్నది ఎల్లవ్వ.

"మల్లేమైంది అని నోరు మూసుకుని ఎట్లంటది అవ్వా?"

ఇక కుర్చీ దగ్గర తేలిపోయింది. పాత సన్నివేశాల్లో పిల్ల రచయిత పడక కుర్చీలోనే ఆయన పక్కన ఒదిగి కూర్చుని కథ వింటుంది. ఇప్పుడు ఒదగబోయింది. మూర్తిగారు, "అమ్మా, కాలు, కాలు" అన్నాడు. విరిగిన కాలు అటువైపే ఉంది. శ్రీధర్ సారు ఫోను తీసి బయటికి నడిచాడు.

మధ్యాహ్నానికి జనగామ పిల్ల తండ్రితో వచ్చింది. పేరు చిన్ని, ఒకటో తరగతి. బుగ్గలు, ఊడిన పళ్లు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. లంగా మాత్రం నేల మీద జీరాడింది. శ్రీధర్ సారు లంగాను నా చేతికిచ్చాడు. "వనజక్కా, మళ్లీ టక్కులు వేయాలి."

నా ఇరవై ఏళ్ల పనిలో విప్పిన టక్కును మళ్లీ వేయడం అదే మొదటిసారి. అరుగు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తుంటే సిరి వచ్చి ఎదురుగా నిలబడింది. ఏడవలేదు. ఏడిస్తే నేనేదో ఒకటి చెప్పి ఉండేదాన్ని.

"అక్కా, ఆఖరి కథ గిప్పుడు గా పిల్లకు చెప్తడా తాత?"

"చెప్తడు గావచ్చు బిడ్డా."

"నాకు చెప్తనన్నడు గద. నేనే గద అడిగింది."

అప్పటిదాకా నేను లంగా సంగతి చూశాను, ఎల్లవ్వ ఊళ్లో మాట సంగతి చూసింది, సారు కంటిన్యుటీ చూశాడు. ఆ పిల్ల ఇన్ని నెలలు ఒక కథ కోసం ఎదురుచూసిందని మాకెవరికీ తట్టలేదు. పుస్తకం చివరి పేజీలు చిరిగిపోయి ఉంటే ఎట్లా ఉంటుందో నాకు బాగా తెలుసు. మా గ్రంథాలయంలో అలాంటివి చాలా ఉన్నాయి. నేను సూదిని లంగాకే గుచ్చి పక్కన పెట్టాను. "పోయి గుమ్మం కాడ కూసో. రిహార్సల్ల చెప్తడు. ఇనొద్దని ఎవ్వలన్లే," అన్నాను.

లోపల రిహార్సల్ మొదలైంది. చిన్ని కుర్చీలో చక్కగా ఒదిగింది. మూర్తిగారు గొంతు సవరించుకుని ఆఖరి కథ మొదలుపెట్టాడు. ఒక ఉడుతకు ఒక పొద్దున తోక కనిపించలేదు. కోతిని అడిగింది, కుందేలును అడిగింది, ఏటి దగ్గర తాబేలును అడిగింది. అడవంతా తిరిగి అలసిపోయి చతికిలబడితే, కింద మెత్తగా ఏదో తగిలింది. తిరిగి చూస్తే తోక. వెనకాలే ఉంది, ఎక్కడికీ పోలేదు. ఆయన గొప్పగా చెప్పాడు. నిఖిత కళ్లు తుడుచుకుంది.

గుమ్మం దగ్గర నుంచి సిరి గొంతు వినిపించింది. "గింతేనా తాతా?"

మూర్తిగారు తలెత్తాడు.

"తోక ఎనకనే ఉన్నదని నాకు మొదట్లనే ఎరుకైంది. కోతి గుడ చూసుంటది గద. చూసి ఎందుకు చెప్పలే?"

మూర్తిగారి మొహం కందిపోయింది. నలభై ఏళ్ల రంగస్థలంలో ఆయన్ను ఎవరూ అలా అడిగి ఉండరు. "ఇది చాలా మంచి కథమ్మా. నీకు మార్చిలో చెప్పి ఉంటే నీ మొహం వెలిగిపోయేది."

"అప్పుడు చిన్నగుంటి," అన్నది సిరి. "నువ్వు గా చిన్నగున్న నాకే చెప్తున్నవ్. నేను పెద్దగైన. జర పెద్ద కథ చెప్పు."

"పెద్ద కథలు నాకు రావే," అన్నాడు మూర్తిగారు. అది నటనో నిజమో ఇప్పటికీ నాకు తెలియదు. మాట మాత్రం మెల్లగా వచ్చింది.

చిన్ని ఇవేవీ వినలేదు. ఆయన చొక్కా పట్టుకుని లాగుతోంది. "మల్ల తోక దొరికిందా తాతా?"

"దొరికింది చెప్పిన గదనే," అన్నాడు ఆయన.

సిరి లోపలికి వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూలబడింది. "గట్ల కాదు. నువ్వుండు తాతా. చిన్నీ, ఇను. గా కోతి ఉన్నది చూడు, దానికి తోక ఎక్కడున్నదో ఎరుకే. కానీ చెప్పలే. ఎందుకంటె ఉడుత తోక లేదని ఏడ్సుకుంట అందరిండ్లకు వోతె, అందరు దానికి తినుటానికి ఏదో ఒకటి పెడ్తున్నరు. కోతి గుడ దాని ఎంబడే పోయి తింటాంది."

చిన్ని నోరు తెరిచి వింటోంది. మూర్తిగారు కూడా. నేను గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూస్తున్నాను. శ్రీధర్ సారు కెమెరా అతని భుజం మీద చెయ్యేసి నొక్కడం నాకు కనిపించింది. కెమెరా మీద ఎర్ర లైటు వెలిగింది. కోతి ఎంత తిన్నదో, దాని పొట్ట ఎలా పగలబోయిందో, చివరికి ఉడుతకు నిజం ఎవరు చెప్పారో సిరి చెబుతూనే ఉంది. మధ్య మధ్య చిన్ని "మల్లేమైంది?" అంటోంది. ఆ మాట ఆమెకు అప్పటికింకా ఎవరూ నేర్పలేదు.

తర్వాత శ్రీధర్ సారు అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. గడ్డం గీరుకుని, "వనజక్కా, ఆ సూది తీసెయ్" అన్నాడు. "టక్కులు వద్దు."

కథను మార్చేశారు. నాటకంలోనూ రచయితకు కాలు విరుగుతుంది, కొన్ని నెలలు పట్నంలో ఉండిపోతాడు. చేతికర్రతో తిరిగి వచ్చేసరికి పిల్ల పెరిగి ఉంటుంది. దాచుకున్న ఆఖరి కథ చెబితే, గింతేనా అని, కొత్తగా వచ్చిన చిన్నపిల్లకు తనే కథ అల్లి చెబుతుంది. లంగా మీది పట్టీలు దాచవద్దని, వాటిని కెమెరా దగ్గరగా చూపించాలని నిఖితే అన్నది. మళ్లీ ఒకసారి మాత్రం ఉతికించింది, నిమ్మకాయ వాసన పోలేదని. చిన్నికి కొత్తగా ఒక గౌను కుట్టాను. దానికీ టక్కులు వేస్తుంటే ఈసారి నిఖితే బట్ట అంచు పట్టుకుంది.

సంక్రాంతి దాటిన తర్వాత నాటకం టీవీలో వచ్చింది. ఎల్లవ్వ ఇంట్లో సగం ఊరు కూర్చుంది. లంగా దగ్గరగా కనిపించినప్పుడు ఎల్లవ్వ నా మోచేయి పొడిచింది. "గా గీతలు గట్ల పెద్దగ చూపియ్యవట్టిరి. వనజ కుట్టుడు మంచిగలేదంటరేమో బిడ్డా."

"అననియ్ అవ్వా."

"మరక పోగొట్టింది నేనే అని చెప్పు. అదన్న మంచిగుంటది."

సిరి మాత్రం తెర వైపు చూడలేదు. అదంతా తనకు తెలిసిందే కదా. మూర్తిగారు పోస్టులో పంపిన పుస్తకం ఒకటి, కాస్త లావుపాటిది, ఒళ్లో పెట్టుకుని గోడకానుకుని చదువుకుంటోంది. తెలియని మాట వచ్చినప్పుడల్లా నన్ను అడిగింది. రెండు మాటలకు అర్థం చెప్పాను. మూడోది నాకూ తెలియదు, రేపు గ్రంథాలయంలో చూసి చెబుతానన్నాను.

ఆ పనితో నేను నేర్చుకున్నది ఒకటుంది. ఇరవై ఏళ్లుగా పిల్లల బట్టలకు కొలతలు తీస్తున్నాను. పిల్లను నిలబెట్టి, తిప్పి, చేతులు ఎత్తించి, మాటలన్నీ తల్లితోనే మాట్లాడేదాన్ని. ఎంత పొడుగు, ఎంత వదులు, ఏ రంగు దారం, అన్నీ తల్లే చెప్పేది. ఇప్పుడు టేపు పెట్టే ముందు పిల్లను అడుగుతాను. తల్లులకు ఇది నచ్చదు. మొన్న ఒకామె, "దాన్నేం అడుగుతవక్కా, దానికేం తెలుసు, నన్నడుగు" అన్నది. ఆమె మోకాళ్ల కిందికి చాలన్నది. పిల్ల వంగి, వేలితో తన చీలమండ చూపించింది. నేను నేల మీద కూర్చుని, పిల్ల వేలు పెట్టిన చోటిదాకా టేపు పట్టాను.